రెల్లు దడి మళ్లీ నిలబెట్టాను

శ్రీకాకుళంలో మా పెరడు నాగావళి గట్టుకు దగ్గర. వీధిలో వెళ్లేవాళ్లందరికీ నూతిగట్టు కనబడేది. అమ్మ ఇబ్బంది చూడలేక రెల్లు దడి కట్టించాను. రెండో వానాకాలానికే అడుగు మెత్తబడి, చెదలు పట్టి, ఓ ఈదురుగాలికి మొత్తం వాలిపోయింది. చాలా బాధేసింది.

రెల్లును నేరుగా మట్టిలో పాతేయడమే తప్పు. "నేలకి తగిలితే చెద వదల్దు బాబూ" అన్నాడు దడులు కట్టే తాత. ఈసారి 6 అడుగులకో సిమెంటు స్తంభం వేసి, రెల్లు అడుగును నేలకు 3 అంగుళాల పైన ఉంచాం. కింద ఇటుకల వరస. అటూ ఇటూ వెదురు బద్దలు మూడు వరసల్లో పెట్టి జీఐ తీగతో (జింకు పూత ఉన్న ఇనుప తీగ) బిగించాం. కొబ్బరితాడైతే ఎండకూ వానకూ కొన్నాళ్లకు పాడైపోతుంది. మరీ ఒత్తుగా కట్టలేదు, గాలి దూరే సందు ఉంటేనే దడి నిలుస్తుంది. రెల్లు కూడా తెల్లపూత రాలిపోయి, కాడ పసుపు తిరిగాక కోసిందే తెచ్చాం. పచ్చిది ఎండేకొద్దీ ముడుచుకుపోయి కట్లు వదులవుతాయి.

ఇప్పుడు పొద్దుటెండ దాంట్లోంచి సన్నని గీతలుగా నూతిగట్టు మీద పడుతుంది. చిక్కుడు పాదు మాత్రం దానికి పాకించలేదు, ఆ బరువూ తడీ రెల్లుకు పడవు. శంఖుపూల తీగ ఒక్కటి చాలంది అమ్మ.