ఫ్లైట్ దిగాక ఇంటికి ఏ బండిలో వెళ్ళాలి? పెద్దవాళ్ళు ముందే చూసుకోవాల్సినవి

ఇంట్లో పెద్దవాళ్ళు ఫ్లైట్ ఎక్కుతున్నారంటే టికెట్ గురించి, సీటు గురించి వారం ముందు నుంచి హడావిడి పడతాం కదా, దిగాక ఇంటికి ఎలా వెళ్తారంటే మాత్రం "ఏముంది, క్యాబ్ బుక్ చేస్తే సరిపోతుంది" అని వదిలేస్తాం. నేనూ అలాగే వదిలేశాను. పోయినసారి మా అమ్మ ఒక్కతే ప్రయాణం చేసింది, నేను వేరే ఊళ్ళో కూర్చుని నా ఫోన్‌లోంచి క్యాబ్ పెట్టాను, డ్రైవర్ కూడా టైముకే వచ్చాడు, కానీ యాప్ క్యాబ్‌లు ఆగేది టెర్మినల్ ముందు కాదంట, ఎదురుగా ఉన్న పార్కింగ్ బిల్డింగ్‌లో రెండో అంతస్తులో. వీల్‌చెయిర్ తోసిన అబ్బాయి గేటు బయట దింపేసి వెళ్ళిపోయాడు. అమ్మ ఒక చేత్తో ట్రాలీ తోసుకుంటూ ఇంకో చేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకుని లిఫ్ట్ ఎక్కడుందో వెతుక్కుంటుంటే ఇటు నాకు ఆవిడ ఆయాసం వినిపిస్తూనే ఉంది, ఏం చెయ్యాలో తోచలేదు. అప్పట్నుంచి నేను ముందు చూసేది ఛార్జీ కాదు, నడక. సామాను తీసుకున్న చోటు నుంచి బండి డోరు దాకా ఎంత దూరం, మధ్యలో మెట్లున్నాయా, రోడ్డు దాటాలా, నిలబడి ఎంతసేపు ఆగాలి, బండి దిగాక ఇంటి గుమ్మం దాకా ఇంకెంత నడవాలి, ఇవి తేలాకే మిగతావి.

దానికి ముందు వీల్‌చెయిర్ సంగతి. దీన్ని ఎయిర్‌లైన్‌కి కనీసం 48 గంటల ముందు చెప్పి పెట్టండి, బుకింగ్ అప్పుడే చెప్పేస్తే ఇంకా మంచిది. ఇందులో రకాలున్నాయి, ఒక్కోదానికి ఎయిర్‌లైన్ వాళ్ళు వాడే కోడ్ ఒకటుంటుంది. మెట్లు ఎక్కగలరు గానీ ఎక్కువ దూరం నడవలేరంటే డబ్ల్యూసీహెచ్ఆర్, మెట్లు కూడా ఎక్కలేరంటే డబ్ల్యూసీహెచ్ఎస్, సీటు దాకా కూడా ఎవరైనా తీసుకెళ్ళాలంటే డబ్ల్యూసీహెచ్‌సీ. "నాకెందుకు వీల్‌చెయిర్, నడుస్తాలే" అని మొహమాటపడే పెద్దవాళ్ళు చాలామంది ఉంటారు, ఇది నడవలేని వాళ్ళకే కాదు, అంత దూరం నడిస్తే మోకాళ్ళు పట్టేసే వాళ్ళకి కూడా అని నచ్చజెప్పండి. ఇంకో మాట, ఎక్కడిదాకా తీసుకొస్తారు అనేది తప్పకుండా అడగండి, గేటు దాకానా, ట్యాక్సీ దాకానా, పార్కింగ్ దాకానా అనేది ఎయిర్‌పోర్ట్‌ని బట్టి మారుతుంది.

ఇక బండి. వయసు మీదపడ్డ వాళ్ళు ఒంటరిగా వస్తుంటే నా ఓటు ముందే మాట్లాడుకున్న కారుకే, పేరు రాసిన బోర్డు పట్టుకుని డ్రైవర్ లోపల ఎరైవల్స్ దగ్గరే నిలబడేది. బుక్ చేసేటప్పుడు ఫ్లైట్ నంబర్ ఇవ్వండి, ఫ్లైట్ లేటైతే డ్రైవర్ కూడా దాన్ని బట్టే వస్తాడా అని అడగండి. వెయిటింగ్ ఎంతసేపు ఫ్రీ, అది ఫ్లైట్ దిగిన టైము నుంచి లెక్కేస్తారా లేక మనం చెప్పిన టైము నుంచా అనేది కూడా అడగాలి, ఎందుకంటే వీల్‌చెయిర్ వాళ్ళని సాధారణంగా ఫ్లైట్‌లోంచి అందరి తర్వాత దింపుతారు, ఆ తర్వాత ఇమ్మిగ్రేషన్, సామాను, ఇదంతా అయ్యేసరికి గంట దాటిపోవచ్చు. సామాను డ్రైవరే ఎత్తుతాడా? 23 కిలోల పెట్టెని డిక్కీలోకి ఎత్తడం డెబ్భై ఏళ్ళ నడుము చెయ్యాల్సిన పని కాదండి.

అది కుదరకపోతే టెర్మినల్ ముందుండే అధికారిక ట్యాక్సీ లైను. దీన్ని మనవాళ్ళు చిన్నచూపు చూస్తారు గానీ ఫోను, ఇంటర్నెట్, ఓటీపీ ఏవీ అక్కర్లేదు, చాలా చోట్ల లైను దగ్గర స్టాఫ్ ఉంటారు, పెద్దవాళ్ళని చూసి ముందు ఎక్కించే వాళ్ళు కూడా ఉంటారు, అడగడంలో తప్పులేదు. లోపలే ఎదురొచ్చి "ట్యాక్సీ కావాలా" అని పెట్టె అందుకోబోయే వాళ్ళతో మాత్రం వెళ్ళొద్దు.

యాప్ క్యాబ్ అయితే ఎక్కే చోటు ఎక్కడో ముందురోజే యాప్‌లో చూడండి. దూరంగా ఉంటే వదిలెయ్యండి, నా మాట వినండి. దగ్గరే అయితే సామాను చేతికొచ్చాకే బుక్ చెయ్యాలి. పిల్లలు ఇంకో ఊరి నుంచి బుక్ చేస్తుంటే ప్రయాణం చేసే వాళ్ళ నంబరు ఇవ్వాలి, లేకపోతే డ్రైవర్ మీకు ఫోన్ చేస్తుంటాడు, వాళ్ళు అక్కడ దిక్కులు చూస్తుంటారు. బండి నంబరు సరిచూసుకున్నాకే ఎక్కాలి.

షేరింగ్ వ్యాన్ చవకే, కాకపోతే నిండేదాకా ఆగుతుంది, అందర్నీ దింపుకుంటూ వెళ్తే మనవాళ్ళ వంతు ఆఖర్న రావచ్చు, మధ్యలో బాత్రూమ్‌కి ఆపమని అడగలేక బిగబట్టుకుని కూర్చుంటారు. పైగా మెట్టు ఎత్తుగా ఉంటుంది. రైలు మాత్రం పూర్తిగా కొట్టిపారెయ్యను, స్టేషన్ టెర్మినల్‌కి ఆనుకునే ఉండి, లిఫ్ట్ ఉండి, చేతిలో ఒక్క చిన్న బ్యాగే ఉంటే హాయిగా వెళ్ళొచ్చు, ట్రాఫిక్ ఉండదు, కార్లో కడుపులో తిప్పే వాళ్ళకి ఇదే నయం. రెండు పెట్టెలతో ఎస్కలేటర్ ఎక్కే పనైతే వద్దు.

కారు ఎత్తు కూడా చూడండి, దీని గురించి ఎవరూ ఆలోచించరు. మరీ కిందకి ఉన్న సీట్లోంచి లేవడం మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి నరకం, మరీ ఎత్తున్న బండి ఎక్కడం ఇంకో కష్టం, నిలబడి వెనక్కి వాలితే తొడలకి తగిలేంత ఎత్తులో సీటుంటే బావుంటుంది. ముందు సీటు వెనక్కంటా జరిపించి, సీటుకి వీపు తిప్పి ముందు కూర్చుని, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోమనండి. వాకర్‌గానీ మడత వీల్‌చెయిర్‌గానీ ఉంటే డిక్కీలో చోటుందా అని అడగాలి, గ్యాస్ సిలిండర్ ఉన్న బండ్లలో సగం డిక్కీ దానికే పోతుంది.

సొంతవాళ్ళే వస్తుంటే ఇద్దరు రండి, ఒకరు బండిలో ఉంటే ఒకరు లోపలికెళ్ళి తీసుకురావచ్చు, ఎందుకంటే టెర్మినల్ ముందు బండిని ఎక్కువసేపు ఆగనివ్వరు.

బయటికి రాకముందే లోపలే బాత్రూమ్‌కి వెళ్ళిరమ్మనండి. మందులు, కళ్ళజోడు, ఛార్జర్ చేతి బ్యాగులోనే ఉండాలి, డిక్కీలోకి పోయే పెట్టెలో కాదు. ఫోను ఛార్జింగ్ అయిపోతే ఎలా అని ఇప్పుడు అమ్మ ప్రయాణం అన్నప్పుడల్లా ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో వెళ్ళాల్సిన అడ్రస్, డ్రైవర్ పేరు, నంబరు, బండి నంబరు, నా నంబరు రాసి ఇస్తాను, ఆవిడ దాన్ని పాస్‌పోర్ట్‌లో పెట్టుకుంటుంది, ఇంకో కాపీ కళ్ళజోడు డబ్బాలో.