తరగతి గదిలోంచే వర్చువల్ క్షేత్ర పర్యటన చేయించడం ఎలా?

వర్చువల్ పర్యటన (ఉన్నచోటు నుంచి కదలకుండా తెరపైనే ఒక చోటు చూసి రావడం) అనగానే కళ్లకు తగిలించుకునే వీఆర్ పరికరాలు, ఖరీదైన సాఫ్ట్‌వేర్ కావాలేమోనని చాలామంది టీచర్లు వెనకాడతారు. అవేవీ అక్కర్లేదు. కంప్యూటరో ఫోనో, ఇంటర్నెట్, ఒక మంచి ప్రశ్న ఉంటే మొదలుపెట్టవచ్చు.

1. ముందు ప్రశ్న తయారు చేసుకోండి. "ఈ రోజు మ్యూజియం చూద్దాం" అంటే పిల్లలు కాసేపటికే విసిగిపోతారు. "ఎముకలే లేని జీవి నీటిలో ఎలా కదులుతుంది?" అని అడిగి, కాలిఫోర్నియాలోని మాంటరే బే అక్వేరియం వెబ్‌సైట్‌లో జెల్లీఫిష్ కెమెరా తెరవండి. గొడుగులాంటి ఒళ్లు ముడుచుకుంటుంది, నీరు వెనక్కి చిమ్ముతుంది, జీవి ముందుకు జరుగుతుంది. రెండు నిమిషాలు మీరేమీ చెప్పకండి. నిమిషానికి ఎన్నిసార్లు ముడుచుకుందో లెక్కపెట్టమనండి. జవాబు వాళ్ల నోటి నుంచే వస్తుంది. పర్యటన మొత్తానికి ప్రాణం ఆ రెండు నిమిషాలే అని నేను గట్టిగా నమ్ముతాను.

2. ప్రశ్నకు తగిన చోటు వెతకండి. 2011లో మొదలైన, మ్యూజియంలను ఆన్‌లైన్‌లో చూపించే గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం, వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సహజ చరిత్ర మ్యూజియం, ఆన్‌లైన్‌లో చూడటానికి అన్నీ ఉచితమే.

3. ముందురోజు మీరొక్కరే వెళ్లి రండి. ఇలాంటి సేవలు ఉన్నట్టుండి మూతపడుతుంటాయి. వర్చువల్ పర్యటనల కోసం ఎందరో టీచర్లు వాడిన గూగుల్ ఎక్స్‌పెడిషన్స్ యాప్ 2021లో ఆగిపోయింది. లైవ్ కెమెరా అయితే అక్కడ అప్పుడు పగలో రాత్రో చూసుకోండి. ఐదారు స్క్రీన్‌షాట్లు దాచుకుంటే, నెట్ ఆగినా పాఠం ఆగదు.

4. పిల్లలు ఎవరింట్లో వాళ్లుంటే, అందరికీ ఒకేలా అందదన్నది మరవకండి. నెట్ బలహీనంగా ఉన్నవాళ్లకు ఆ స్క్రీన్‌షాట్లను, మీ గొంతుతో చిన్న ఆడియోను ముందే పంపండి. వినికిడి సమస్య ఉన్నవాళ్ల కోసం క్యాప్షన్లు పెట్టండి. చూపు సరిగా లేని పిల్లలుంటే "అక్కడ చూడండి" అన్న మాట వాళ్లను బయటే నిలబెడుతుంది. "ఎడమవైపు, తలుపు పక్కన, ఏనుగంత ఎత్తున్న అస్థిపంజరం" అనండి. ఒకసారి అలవాటైతే, కళ్లు బాగున్న పిల్లలు కూడా మరింత శ్రద్ధగా చూడటం గమనిస్తారు.

5. ఇరవై నిమిషాలకు మించి సాగదీయకండి. చివర్లో ప్రతి పిల్లవాడూ, ప్రతి అమ్మాయీ ఒక బొమ్మ గీసి, కింద ఒక ప్రశ్న రాయాలి. ఆ ప్రశ్నల్లోంచే ఒకటి ఎంచుకుని తర్వాతి పర్యటనకు సిద్ధం కండి.