టర్బో లేని కారుకి ఆయిల్ క్యాచ్ క్యాన్ పెట్టాలా, వద్దా?

ఆయిల్ క్యాచ్ క్యాన్ అంటే ఇంజన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజన్ గాలి పీల్చుకునే దారిలోకి, పంపే గొట్టం మధ్యలో పెట్టే చిన్న డబ్బా, ఆ ఆవిరిలోని ఆయిల్‌ని అది పట్టి ఉంచుతుంది. ముందే చెప్పేస్తున్నా. మీ కారుకి టర్బో లేదు, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు ఇన్‌టేక్ పోర్టుల్లోనే, అంటే సిలిండర్ బయట గాలి దారిలోనే ఉన్నాయి, రోజువారీ తిరుగుడుకే వాడతారు, ఇంజన్ ఆయిల్ కూడా తగ్గడం లేదు అంటే మీకు క్యాచ్ క్యాన్ అక్కర్లేదు. ఆ డబ్బుతో కొత్త పీసీవీ వాల్వ్ (ఇంజన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి వదిలే చిన్న వాల్వ్) వేయించుకుని, ఆయిల్ టైముకి మార్పించుకుంటే ఇంజన్‌కి అంతకన్నా ఎక్కువ మేలు జరుగుతుంది. అలాగని ఎవరికీ పనికిరాని వస్తువు అని కూడా అనను. కొన్ని ఇంజన్లకి ఇది నిజంగానే అవసరం, మీది వాటిలో ఒకటో కాదో ఇంట్లోనే ఒక పూటలో తేల్చుకోవచ్చు.

అసలు ఇన్‌టేక్‌లోకి ఆయిల్ ఎందుకు వస్తుందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా సిలిండర్‌ని నూటికి నూరుపాళ్ళు మూయలేవు, మండేటప్పుడు కొంత గ్యాస్ రింగుల పక్కనుంచి కిందకి, క్రాంక్ తిరిగే గది అయిన క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది. దీన్నే బ్లో-బై అంటారు. అందులో కాలని పెట్రోల్ ఆవిరి, నీటి ఆవిరి ఉంటాయి, వాటికి క్రాంక్ తిరుగుతూ చిమ్మే ఆయిల్ తుంపర కూడా తోడవుతుంది. ఇదంతా బయటికి పోయే దారి లేకపోతే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్ళు కారడం మొదలుపెడతాయి. పాత కార్లలో ఓ గొట్టం పెట్టి నేరుగా రోడ్డు మీదకే వదిలేసేవాళ్ళు. 1960ల మొదట్లో కాలిఫోర్నియాలో కాలుష్యం రూల్స్ వచ్చాక దాన్ని మళ్ళీ ఇంజన్‌లోకే పంపి కాల్చేసే పద్ధతి మామూలైపోయింది, అదే పీసీవీ, అంటే పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్.

ఈ పీసీవీకి రెండు గొట్టాలుంటాయి, చాలామంది తికమక పడేది ఇక్కడే. ఒకటి పీసీవీ వాల్వ్ నుంచి సిలిండర్లకి గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి వెళ్తుంది. రెండోది ఇంజన్ పైమూత అయిన ట్యాపెట్ కవర్ నుంచి ఎయిర్ ఫిల్టర్ తర్వాత వచ్చే పైపుకి, అంటే థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) కంటే ముందుకి వెళ్తుంది, మామూలుగా దీంట్లోంచి శుభ్రమైన గాలి ఇంజన్‌లోకి వస్తుంది. ఐడ్లింగ్‌లో మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఎక్కువ కాబట్టి వాల్వ్ దాదాపు మూసుకునే ఉంటుంది. ఒకే స్పీడ్‌లో సాఫీగా వెళ్ళేటప్పుడు బాగా తెరుచుకుని బ్లో-బైని లాగేస్తుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కారంటే వాక్యూమ్ దాదాపు సున్నాకి పడిపోతుంది, బ్లో-బై మాత్రం అప్పుడే ఎక్కువ, కాబట్టి అది రెండో గొట్టంలోంచి ఎదురు వస్తుంది. అందుకే హైవే మీద నిదానంగా నడిపేవాళ్ళకి పీసీవీ గొట్టం మీద పెట్టిన క్యాన్ పనిచేస్తుంది. ట్రాక్ మీద ఆర్‌పీఎం మీటర్ ఎర్ర గీత దాకా లాగేవాళ్ళకి రెండో గొట్టం కూడా చూసుకోవాలి.

క్యాచ్ క్యాన్ ఉండి తీరాలని టర్బో కార్లవాళ్ళు చెప్పే మాటలు మనకి ఉన్నవి ఉన్నట్టు వర్తించవు. బూస్ట్ ఉన్నప్పుడు, అంటే టర్బో గాలిని నొక్కి పంపేటప్పుడు, సిలిండర్లలో ఒత్తిడి ఎక్కువై బ్లో-బై పెరుగుతుంది, పైగా ఆ ఆయిల్ వెళ్ళి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ అడుగున మడుగు కడుతుంది. మనకి ఇంటర్‌కూలరే లేదు.

టర్బో లేని ఇంజన్‌లో తేడా అంతా ఇంజెక్టర్ ఎక్కడుంది అన్న దాని మీదే. పోర్ట్ ఇంజెక్షన్ అయితే పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వ్ వెనక భాగం మీద పడుతూ, అందులోని డిటర్జెంట్లతో దాన్ని కడుగుతూనే ఉంటుంది, కొద్దిపాటి ఆయిల్ పొర అక్కడ నిలవదు. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే పోతుంది, వాల్వ్‌ని కడిగేది ఏదీ లేదు, వేడి వాల్వ్ మీద పడిన ఆయిల్ మాడి పొరలు పొరలుగా గట్టిపడుతుంది. అది ముదిరితే మానిఫోల్డ్ విప్పి, వాల్‌నట్ పెంకుల పొడిని గాలి ఒత్తిడితో కొట్టి శుభ్రం చేయాల్సి వస్తుంది. మాజ్దా స్కైయాక్టివ్-జి లాంటివి టర్బో లేకపోయినా డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లే. టయోటా డీ-4ఎస్‌లో అయితే రెండు రకాల ఇంజెక్టర్లూ ఉంటాయి కాబట్టి ఈ బెడద తక్కువ. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి: క్యాన్ పెట్టినా కార్బన్ పూర్తిగా ఆగిపోదు, ఎందుకంటే వాల్వ్ గైడ్ల సీళ్ళలోంచి దిగే ఆయిల్‌కీ, వెనక్కి వచ్చే ఎగ్జాస్ట్ గ్యాస్‌కీ క్యాన్ అడ్డు రాదు. కార్బన్ పేరుకోవడం నెమ్మదిస్తుంది, అంతే. ఇప్పటికే పేరుకున్నదాన్ని అది కడగదు కూడా.

ఇక మీ ఇంజన్ సంగతి చూద్దాం. ఇంజన్ ఆపి, చల్లారాక థ్రాటిల్ బాడీకి ముందున్న రబ్బరు పైపు వదులు చేసి లోపల టార్చ్ వేసి చూడండి. సన్నటి జిడ్డు వేలికి అంటుకుంటే అది మామూలే, ప్రతి కారులోనూ ఉంటుంది. తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ తడిసి నల్లగా బొట్టు కారేంత ఉంటే మాత్రం ఆలోచించాలి. తర్వాత పీసీవీ వాల్వ్ ఊడదీసి చెవి దగ్గర ఊపండి, మామూలు స్ప్రింగ్ రకం అయితే లోపల టకటక చప్పుడు రావాలి. రాలేదంటే ఇరుక్కుపోయింది, కొత్తది వేసి కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మళ్ళీ చూడండి, సమస్య అక్కడితోనే తీరిపోవచ్చు. వాల్వ్ బాగానే ఉందనుకోండి, దాన్నీ రబ్బరు పైపునీ తిరిగి బిగించి, ఇంజన్ ఐడ్లింగ్‌లో పెట్టి ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద దానికన్నా వెడల్పైన కాగితం పెట్టి చూడండి. కొంచెం లోపలికి లాగితే అంతా సవ్యంగా ఉన్నట్టే. పొగ కొడుతూ కాగితాన్ని ఎగరేస్తే రింగులు అరిగి ఉండొచ్చు, సిలిండర్లు ఒత్తిడిని ఎంత నిలుపుతున్నాయో చూసే కంప్రెషన్ టెస్ట్, లీక్‌డౌన్ టెస్ట్ చేయించండి. అలాంటి ఇంజన్‌కి క్యాన్ పెట్టడమంటే రోగాన్ని కప్పిపెట్టడమే, దయచేసి ఆ పని చేయకండి.

ఇవన్నీ చూశాక కూడా డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్ ఉండి, కారు చాలా ఏళ్ళు ఉంచుకుందామనుకుంటే, లేదా ట్రాక్ మీద తిప్పుతుంటే పెట్టుకోండి. కొన్ని కొత్త ఇంజన్లలో పీసీవీ వాల్వూ, ఆయిల్ సెపరేటరూ ట్యాపెట్ కవర్‌లోనే కలిసిపోయి ఉంటాయి, మధ్యలో తెంచడానికి బయట గొట్టమే ఉండదు, వాటి జోలికి పోవద్దు. వారంటీలో ఉన్న కారైతే ముందు ఆ షరతులు చదవండి.

క్యాన్ కొనేటప్పుడు లోపల ఏముందో చూడండి. ఖాళీ డబ్బాకి రెండు నాజిల్స్ పెట్టి అమ్మేవి చాలా ఉన్నాయి, వాటిలో తుంపర ఒకవైపు దూరి ఇంకోవైపు నుంచి అలాగే వెళ్ళిపోతుంది. లోపల అడ్డుపలకలూ, సన్నని జాలీ ఉండాలి, ఆవిరి వాటికి తగిలి చల్లబడితేనే బొట్లు కిందకి దిగుతాయి. జాలీ బదులు స్టీల్ పీచు కుక్కినవాటిని కొనకండి, ఆ పోగులు ఊడితే నేరుగా సిలిండర్‌లోకే పోతాయి. పైన చిన్న ఫిల్టర్ పెట్టి గాలికి తెరిచి ఉంచిన రకం పీసీవీ గొట్టానికి అస్సలు పనికిరాదు, లెక్కలోకి రాని గాలి మానిఫోల్డ్‌లోకి దూరి ఐడ్లింగ్ చెడుతుంది, మిశ్రమం పలచబడి పీ0171 కోడ్‌తో చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. మూసి ఉన్న రకమే తీసుకోండి. పోటీల సంగతి వేరు, అంతర్జాతీయ మోటార్ పోటీల సంస్థ ఎఫ్‌ఐఏ రూల్స్‌లోని అపెండిక్స్ జె ప్రకారం బ్రీదర్ (క్రాంక్‌కేస్ ఆవిరి బయటికి పోయే గొట్టం) గాలికి తెరిచి ఉన్న కారు 2000 సీసీ వరకూ అయితే కనీసం 2 లీటర్ల ట్యాంకు, అంతకు మించితే 3 లీటర్లది పెట్టాలి.

బిగించడం పెద్ద పనేం కాదు, అయితే తొందర పనికిరాదు. బిగించే ముందు క్యాన్ ఒక నాజిల్ వేలితో మూసి రెండోదాంట్లోంచి ఊది చూడండి, గాలి ఎక్కడా పోకూడదు. పీసీవీ వాల్వ్‌ని దాని చోటునే ఉంచి, వాల్వ్‌కీ మానిఫోల్డ్‌కీ మధ్య క్యాన్ రావాలి. ఇంజన్ వైపు నుంచి వచ్చే గొట్టం క్యాన్ ఇన్‌లెట్‌కి, అవుట్‌లెట్ నుంచి మానిఫోల్డ్‌కి, ఇది తిరగేస్తే ఆగిన ఆయిల్‌నే ఇంజన్ మళ్ళీ లాక్కుంటుంది. గొట్టం లోపలి వ్యాసం కంపెనీ గొట్టానికి సమానంగా ఉండాలి, ఆయిల్ తట్టుకునే నైట్రైల్ రబ్బరుది, వాక్యూమ్‌కి నలగనిది తీసుకోండి. నీళ్ళ గొట్టం వాడితే ఆయిల్ తగిలి మెత్తబడి లోపలికి అంటుకుపోతుంది. క్యాన్‌ని ఎగ్జాస్ట్‌కి దూరంగా, గాలి తగిలే చోట బాడీకి బిగించండి. ఇంజన్ మౌంట్ల మీద కదులుతుంది కాబట్టి గొట్టాలు కొంచెం వదులుగా ఉండాలి, అలాగని మధ్యలో జారి గుంట పడకూడదు, ఆ గుంటలో నీళ్ళు నిలుస్తాయి.

పని మొదలుపెట్టే ముందే, కారు కంప్యూటర్‌ని చదివే ఓబీడీ స్కానర్‌తో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత పెంచి, తగ్గించి సరిచేస్తోందో చెప్పే అంకె) ఎంతుందో రాసి పెట్టుకోండి. బిగించాక ఒకటి రెండు రోజులు నడిపి మళ్ళీ చూడండి. అంకె ఇంచుమించు అంతే ఉండాలి, బాగా పెరిగిందంటే ఎక్కడో గాలి లీకవుతోంది, క్లిప్పులు ఒక్కొక్కటీ చూసుకుంటూ రండి.

మొదటిసారి 500 కిలోమీటర్లకే విప్పి చూడండి. అందులో నల్లటి ఆయిల్ ఉంటుందనుకుంటారు, కానీ చాలాసార్లు పాలు కలిసిన రంగులో, ఘాటుగా పెట్రోల్ వాసన కొట్టే పలచటి నీళ్ళే ఎక్కువ ఉంటాయి. దగ్గర దగ్గర తిరుగుళ్ళు ఎక్కువైతే ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, అందుకని నీటి శాతం ఇంకా పెరుగుతుంది. ఎంత చేరిందో చూసి, మళ్ళీ ఎన్ని కిలోమీటర్లకి ఖాళీ చేయాలో మీరే నిర్ణయించుకోండి. సగం దాటనివ్వకండి, నిండిన క్యాన్ నుంచి మడ్డి ఒక్కసారిగా మానిఫోల్డ్‌లోకి పోతే తెల్లపొగతో ఆగదు, ఇంజన్‌కే దెబ్బ తగలొచ్చు. మంచు పడే చోట్ల ఇంకా జాగ్రత్త కావాలి, క్యాన్‌లో నీళ్ళు గడ్డకట్టి దారి మూసుకుపోతే క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగి సీళ్ళు తన్నేస్తాయి, డిప్‌స్టిక్ కూడా పైకి లేస్తుంది. అక్కడ చలికాలంలో వారానికోసారైనా ఖాళీ చేయాలి, అది కుదరదనుకుంటే ఆ నెలల్లో క్యాన్ తీసేసి పాత గొట్టమే పెట్టేయండి. తీసిన మడ్డిని మళ్ళీ ఇంజన్‌లో పోయొద్దు, కాలువలోనూ వద్దు, మూత ఉన్న డబ్బాలో పోసి వాడేసిన ఆయిల్ తీసుకునేవాళ్ళకి ఇచ్చేయండి.