గోదావరి పోటెత్తకముందే మీ ఊరి ముంపు లెక్క కట్టుకోండి

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఏటి ఒడ్డు ఊళ్లలో ఈ అంకెలు చిన్నపిల్లలకూ నోటికొచ్చు. కానీ అవి భద్రాచలం గేజి (నీటిమట్టం కొలిచే స్కేలు) అంకెలు. మీ వాగు మీది చప్టా (నీళ్లు పైనుంచి పారే తక్కువ ఎత్తు దారి) అంతకుముందే మునగొచ్చు. జనం చిక్కుబడేది ఎక్కువగా అక్కడే: ఇంట్లోకి నీళ్లు రాకముందే దారి పోతుంది. అందుకే లెక్క గడప దగ్గర కాదు, ఊరు దాటే దారిలో అన్నిటికన్నా పల్లపు చోట మొదలుపెట్టాలి.

ఆ చోటు ఎప్పుడు మునిగిందో ట్రాక్టర్ డ్రైవర్లను, పడవ నడిపేవాళ్లను అడగండి. ఏ రోజు, ఏ పూట అన్నది తేలితే, ఆ పూట గేజి ఎంతుందో పాత పేపర్లలో వెతకొచ్చు. కూనవరం, చింతూరు వైపు వాళ్లు గోదావరిలో కలిసే శబరి నదిని కూడా చూసుకోవాలి. గోదావరి నిండుగా ఉంటే శబరి నీళ్లు దిగక ఎగదన్నుతాయి. ఊళ్లో చినుకు లేకున్నా వాగు వెనక్కి పొంగుతుంది.

ఇక ఇళ్ల ఎత్తు. భద్రాచలంలో 2022 జులైలో 71.3 అడుగులు, 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 వరద నీటి చార ఏదో గోడ మీద ఇంకా కనిపిస్తే, మేస్త్రీలు వాడే లెవెల్ పైపు తెచ్చుకోండి. నీళ్లలో కాస్త నీలిమందు కలిపి పైపు నింపి, ఒక కొసలో నీటి మట్టాన్ని చారకు ఆనించండి. రెండో కొసలో నీళ్లు నిలిచిన చోటే పక్కింటికి ఆ వరద ఎత్తు. పైపులో గాలి బుడగ ఉంటే కొలత తప్పుతుంది. కొలిచేటప్పుడు రెండు కొసలూ తెరిచే ఉండాలి. ఇంకో పొరపాటు, చెమ్మ మరకను చార అనుకోవడం. గోడ నీళ్లు పీల్చి చెమ్మ పైకి పాకుతుంది. ఒండ్రు అంటిన గీతే అసలైనది.

ఇప్పుడు టైము లెక్క. ఉదాహరణకు 300 మంది, రెండు ట్రాక్టర్లు, ట్రక్కుకు 15 మంది, పోయిరావడానికి గంట. గంటకు 30 మంది, మొత్తం పది గంటలు. ఏరు గంటకు అరడుగు పెరుగుతోందనుకుంటే ఆలోపు ఐదడుగులు ఎక్కుతుంది. చప్టా 46కి మునిగేదైతే 41కే కదలాలి, అంటే మొదటి హెచ్చరిక రాకముందే! ఆ పది గంటల్లో చీకటి పడేట్టుంటే ఇంకా ముందే. గర్భిణులు, మంచాన పడ్డవాళ్లు మొదటి ట్రిప్పులోనే వెళ్లాలి.

గొడ్లను కట్టేసి వదిలి పోవద్దు, పలుపు విప్పండి. కరెంటు మెయిన్ స్విచ్ ఆపేయండి. తాగునీటికి క్లోరిన్ మాత్రలు ముందే తెచ్చిపెట్టుకోండి, 0.5 గ్రాముల మాత్ర 20 లీటర్లకు, వేశాక అరగంట ఆగాలి.

ఈ ఏడు వరద తీసిన వెంటనే బడి గోడ మీద కొత్త చారను ఎనామిల్ పెయింటుతో గీసి, తేదీ, భద్రాచలం గేజి పక్కన రాయండి. నాలుగు వానలు పడితే ఒండ్రు గీత కడుక్కుపోతుంది.