ముడుల దారం గుడ్డతో పర్సు: ఎక్కడ చెడుతుంది, ఎట్లా బాగుచేయాలి

మా వదిన తిరుచానూరు నుంచి ఫోన్ చేసి, "నువ్వు కుట్టిచ్చినది పర్సా, పీచుమిఠాయా?" అని అడిగింది. ఇచ్చి రెండు నెలలు కూడా కాలేదు. తెచ్చి చూపిస్తే, పక్క కుట్టు దగ్గర పోగులు ఒక్కొక్కటే జారిపోయి వేలు దూరేంత సందు పడి ఉంది. కుట్టు మాత్రం చెక్కుచెదరలేదు. అది పట్టుకోవాల్సిన గుడ్డే అక్కడ లేదు!

ఆ పర్సు ముడుల దారం గుడ్డది. ఉచ్చులు పైకి తేలి ఉండే బూక్లే, అక్కడక్కడా లావు పోగు కనిపించే స్లబ్ కాటన్... ఇలాంటివన్నీ చూడ్డానికి ఎంత బాగుంటాయో కుట్టేటప్పుడు అంత సతాయిస్తాయి. మనం మిషన్‌ను తిట్టుకుంటాం గానీ, నేను చూసినంతలో సగానికి పైగా తప్పులు కత్తెర పట్టకముందే జరిగిపోతాయి.

అంచులు ఊడిపోతున్నాయి

కారణం నేతలోనే ఉంది. ఇలాంటి గుడ్డల్లో చాలావాటికి పడుగు (నిలువు పోగు) సన్నని గట్టి నూలుతో ఉంటుంది, ముడుల దారాన్ని పేకలో (అడ్డ పోగులో) వేస్తారు. దారం లావు కాబట్టి అంగుళానికి పడే పోగులు తక్కువ. పురి కూడా వదులే. చీర గుడ్డలో పోగులు ఒకదాన్నొకటి అదిమిపట్టుకుని ఉంటాయి, ఇక్కడ ఆ పట్టు ఉండదు. షాపులో పట్టుకుని చూస్తే గట్టిగానే అనిపిస్తుంది. కాటన్ గుడ్డ అయితే ఆ గట్టితనం చాలావరకు గంజిదే. ఒక్కసారి తడిస్తే అసలు రంగు బయటపడుతుంది.

అందుకని కాటన్‌ను రాత్రంతా చల్లనీళ్ళలో నానబెట్టి, మెలిపెట్టి పిండకుండా నీడలో ఆరబెట్టండి. గంజీ పోతుంది, కుంచించుకుపోవాల్సినది ముందే కుంచించుకుపోతుంది. ఆరాక, ముక్కలు కోయకముందే వెనకవైపు ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అతుక్కునే జిగురు గుడ్డ) అతికించాలి. కాగితంలా ఉండే రకం వద్దు, మడత పడితే ఆ గీత పోదు. నేసిన రకం అడగండి. ఇస్త్రీపెట్టెను రుద్దకూడదు, ఒక్కోచోట పది పదిహేను సెకన్లు అదిమి ఎత్తాలి. పూర్తిగా చల్లారేదాకా గుడ్డను కదపకండి. వేడి మీద కదిపితే జిగురు వదిలేస్తుంది, మళ్ళీ మొదటికి వస్తాం.

తర్వాత ముక్క గీసుకుని, కోసే గీతకు రెండు మూడు మిల్లీమీటర్లు లోపలగా చుట్టూ ఒక కుట్టు వేసి, అప్పుడు కోయండి. మామూలుగా అర అంగుళం మార్జిన్ వదిలేవాళ్ళు దీనికి ముప్పావు అంగుళం వదలాలి. ఇంట్లో ఉన్నది నల్ల మిషన్, జిగ్‌జాగ్ రాదు అంటారా? రెండు వరసలు సాదా కుట్టు వేసి, అంచుకు క్రాస్ పట్టీ (ఐమూలగా కోసిన గుడ్డ పట్టీ) చుట్టేయండి. తెల్ల గమ్ పూసే చిట్కా నేనూ చేశాను. అంచు చెక్కలా బిగుసుకుపోయింది, సూది దిగనంటుంది.

ఇప్పటికే ఊడిపోయిన పర్సు అయితే లైనింగ్ అడుగు విప్పి, పర్సును తిరగేసి, చిరిగిన చోట ఫ్యూజింగ్ పట్టీ అతికించి, పాత కుట్టుకు అర అంగుళం లోపలగా కొత్త కుట్టు వేయాలి. రెండు పక్కలా అట్లా చేసేసరికి మా వదిన పర్సు వెడల్పు ఒక అంగుళం తగ్గింది. "ఫోన్ పడుతుంది కదా, చాల్లే" అని తీసుకుపోయింది.

రెండు పొరలు సమానంగా రావడం లేదు, చివరికొచ్చేసరికి ఒకటి పొడవు

మిషన్ కింద పళ్ళు అడుగు పొరను ముందుకు లాగుతుంటాయి, పైన గుడ్డను అదిమే పాదం పై పొరను వెనక్కి నెడుతుంటుంది. వదులు నేత పైన ఉంటే సాగిపోతుంది. కాబట్టి ముడుల గుడ్డను కింద పెట్టి, లైనింగ్ పైన పెట్టి కుట్టండి. మిషన్ తల మీద ఉండే పాదం ఒత్తిడి మరను కొంచెం వదులు చేయండి. గుండుసూదులు ముడుల్లో మునిగిపోయి కనబడవు, క్లిప్పులు మేలు. అన్నిటికంటే మేలు చేత్తో కచ్చా కుట్టు. ఐదు నిమిషాల పని, బద్ధకిస్తే అరగంట విప్పుకోవాలి.

ముడుల గుడ్డే పైన పెట్టక తప్పనప్పుడు పాదం కొనలు ఉచ్చుల్లో చిక్కుకుంటాయి. పల్చని తెల్ల కాగితం పట్టీ పైన పరిచి, దాని మీదే కుట్టి, తర్వాత చింపేయండి. న్యూస్‌పేపర్ మాత్రం వద్దు. ఒకసారి గంధం రంగు గుడ్డకు సిరా అంటించుకుని తలపట్టుకున్నాను.

కుట్లు తప్పుతున్నాయి, కింద దారం ఉచ్చులు పడుతున్నాయి

ఇవి రెండు వేరు వేరు జబ్బులు. కుట్టు తప్పితే సూది చూడండి. జాకెట్లు కుట్టే పదకొండో నంబరు సూది లావు ముడి తగలగానే పక్కకు వంగుతుంది, కింద కొక్కేనికి దారం అందదు. పదహారు నంబరు పెట్టండి, పట్టీలు కలిసే మందమైన చోట పద్దెనిమిది. కుట్టు పొడవు మూడు మిల్లీమీటర్లకు తగ్గకూడదు, చిన్న కుట్లు ముడుల్లో పూడిపోతాయి.

కింద ఉచ్చులు పడితే బాబిన్‌ను అనుమానిస్తాం. నేరం చాలాసార్లు పైదారానిదే. పాదం దించి దారం ఎక్కిస్తే అది దారాన్ని బిగించే టెన్షన్ బిళ్ళల మధ్యకు దిగదు. పాదం ఎత్తి మళ్ళీ మొదటి నుంచి ఎక్కించండి. మర తిప్పి మనం టెన్షన్ పడేది ఆ తర్వాత.

జిప్ అలలు అలలుగా వచ్చింది

పర్సు నోరు సాగింది, జిప్ సాగలేదు. అంతే. పాత లైనింగ్ గుడ్డ కరవంచును (గుడ్డ పక్కన ఊడకుండా ఉండే నేత అంచును) సన్నగా కోసి, నమూనా కాగితం కొలతకు (సాగిన గుడ్డ కొలతకు కాదు) తుంచి, పర్సు నోటికి వెనకవైపు ముందుగా కుట్టుకోండి. ఆ తర్వాత జిప్. పై కుట్టు జిప్ పళ్ళకు నాలుగు మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి, లేకపోతే రన్నర్ ఉచ్చులను నమిలేస్తుంది. పైకి లాగిన ఉచ్చును కత్తిరించకండి, అక్కడి నుంచే గుడ్డ విడిపోతుంది. సన్నని క్రోషే సూదితో వెనక్కి లాగేయండి.

ఇస్త్రీ చేస్తే ముడులు అణిగి మెరుస్తున్నాయి

గుడ్డలో అక్రిలిక్కో పాలిస్టరో ఉంది. రెండు పోగులు పట్టుకారుతో పట్టుకుని సింకు మీద వెలిగించి చూడండి. కాటన్ కాగితంలా కాలి బూడిదవుతుంది, ఇవి కరిగి గట్టి గుండులా అవుతాయి. మెరుపు వచ్చాక పోగొట్టడం కష్టం. ముందే మందపాటి టర్కీ టవల్ మీద గుడ్డను బోర్లా పరిచి, తడిగుడ్డ వేసి, తక్కువ వేడి మీద అదమాలి.

మూలలు ముద్దలా ఉన్నాయి

గుండ్రంగా చేసేయండి. లోటా బోర్లించి గీస్తే చాలు. గుండ్రం ఇష్టం లేకపోతే మూలలో అడ్డంగా రెండు కుట్లు వేసి తిప్పి, లోపలి పొరలను మెట్లుమెట్లుగా కోసి, పైన గుడ్డ వేసి చిన్న సుత్తితో రెండు దెబ్బలు.

లైనింగ్ రంగు దిగింది

శ్రీకాళహస్తి కలంకారీ మిగులు ముక్కలు లైనింగ్‌కు చాలా బాగుంటాయి, మా ఇంట్లో అవే వాడతాను. కరక్కాయ, పాలు, పటిక పట్టించిన గుడ్డ అది. ముందు విడిగా చల్లనీళ్ళలో తడిపి, తెల్ల గుడ్డతో అద్ది చూడండి. మరక పడకపోతేనే లేత రంగు పర్సు లోపల వేయండి.

పట్టీ సాగి పర్సు మోకాళ్ళ దాకా వేలాడుతోంది

పట్టీని పేక దిక్కున కోశారు. గట్టి పోగు పడుగు కదా, కరవంచుకు సమాంతరంగా పొడవు రావాలి. అది కూడా ఒక్కటే ఆగదు, లోపల సన్న నవారు పెట్టి కుట్టాల్సిందే. నవారు గుడ్డ రంగుకు దగ్గరగా ఉండేది చూసుకోండి. తెల్లది పెడితే ముడుల సందుల్లోంచి కనబడుతుంది.