సెల్లార్‌లో సినిమా, సంగీతం: తలెత్తే సమస్యలు, వాటి పరిష్కారాలు

సొంత ఇంటి కింద సెల్లార్ ఉన్నవారికి, ఇన్నాళ్లూ బండ్లకూ పాత సామానుకూ వాడిన ఆ చోటును సినిమా చూసే గదిగానో, తీరిగ్గా పాట వినే గదిగానో మార్చుకోవాలన్న ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఆలోచన మంచిదే. పగటి వెలుతురు లోపలికి రాదు, వీధి రొద అంతగా వినిపించదు, గోడలకు మట్టి ఆనుకొని ఉంటుంది కనుక పక్కింటివారికి ఇబ్బంది ఉండదు. అయితే ఆ మట్టి నుంచే గోడకు చెమ్మ వస్తుంది, ఆ గోడల కాంక్రీటే శబ్దాన్ని తిప్పికొడుతుంది. విజయనగరం, శ్రీకాకుళం వంటి ఉక్కపోత ప్రాంతాల్లో ఇటువంటి గదులను చూసినప్పుడు నాకు కలిగిన అభిప్రాయం ఏమిటంటే, స్పీకర్ల మీదా ఆంప్లిఫయర్ మీదా వేసే నిందల్లో ఎక్కువ భాగం నిజానికి గదికి చెందవలసినవే. కాబట్టి పెట్టెను మార్చే ముందు గదిని అనుమానించాలి, అందులోనూ మొదట నీటిని అనుమానించాలి.

గోడ మీద తెల్లటి పొడి, గదిలో ముక్కిన వాసన

రంగు ఉబ్బి పెచ్చులుగా ఊడటం, నేల నుంచి మూడు నాలుగు అడుగుల ఎత్తు వరకు గోడ మీద ఉప్పులాంటి పొడి తేలటం, సోఫా వెనుక భాగం మీద బూజు పట్టటం చెమ్మకు గుర్తులు. చెమ్మ రెండు దారుల్లో వస్తుంది, రెండింటికీ వైద్యం వేరు. ఏ దారిన వస్తున్నదో తేల్చుకోవడానికి గజం చదరం ఉన్న మందపాటి పాలిథిన్ షీటును గోడకు ఆనించి, నాలుగు అంచులా గాలి చొరకుండా టేపు వేసి, రెండు రోజుల తరువాత చూడాలి. షీటు లోపలి వైపున, అంటే గోడకు ఆనుకున్న వైపున నీటి బొట్లు ఉంటే నీరు మట్టి నుంచి గోడ గుండా వస్తున్నట్టు. గది వైపున మాత్రమే తడి ఉంటే గాలిలోని తేమ చల్లటి గోడకు తగిలి నీరవుతున్నట్టు. కొన్ని ఇళ్లలో రెండూ ఉంటాయి.

గాలి తేమ అయితే చాలామంది చేసే పని కిటికీలు బార్లా తెరవటం. సముద్రపు గాలి వీచే మన ప్రాంతంలో, వేసవి మధ్యాహ్నమైనా వానాకాలమైనా, బయటి గాలి లోపలికి నీటిని మోసుకొస్తుంది గాని తీసుకుపోదు. అటువంటి రోజుల్లో గదిని మూసి ఉంచి, తేమను లాగే డీహ్యూమిడిఫయర్‌ను గాని ఏసీని డ్రై మోడ్‌లో గాని నడిపి, గోడకు తగిలించిన తేమ మీటరులో 60 శాతానికి మించకుండా చూసుకోవాలి.

మట్టి నుంచి వచ్చే నీటికి మందు బయటి నుంచే మొదలు పెట్టాలి. డాబా మీది వాన నీటి గొట్టం సరిగ్గా సెల్లార్ గోడ పక్కనే విడిచిపెడుతున్నదా, పెరటి వాలు ఇంటి వైపు ఉన్నదా, గోడకు ఆనుకొని నీళ్ల సంపు ఉన్నదా అన్నవి చూడాలి. సంపును అనుమానిస్తే రాత్రి నింపి, మోటారు ఆపి, మట్టాన్ని గుర్తు పెట్టి తెల్లవారి చూస్తే కారుతున్నదో లేదో తెలిసిపోతుంది. వీటిని సరిచేసిన తరువాత కూడా గోడ ఊరుతుంటే, లోపలి వైపు పాత ప్లాస్టరింగ్ చెక్కివేసి, వెనుక నుంచి వచ్చే నీటి ఒత్తిడిని తట్టుకునే సిమెంటు తరహా వాటర్‌ప్రూఫ్ పూత వేయించాలి. మామూలు రంగులు, పుట్టీ ఆ ఒత్తిడికి నిలవవు. వానాకాలంలో నేల నుంచే నీరు పైకి ఉబికితే ఒక మూల గొయ్యి తీయించి, మట్టం పెరగగానే దానంతట అదే నడిచే మోటారు పెట్టించాలి, ఆ మోటారుకు ఇన్వర్టర్ కనెక్షన్ కూడా ఉండాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులు వచ్చినప్పుడు ఈ జిల్లాల్లో రోజుల తరబడి కరెంటు లేదు, మోటారు అవసరమైనది సరిగ్గా అప్పుడే.

చెక్క ప్యానెల్ కొట్టేస్తే చెమ్మ కనపడదని పనివారు చెప్పే మాటలో అబద్ధం లేదు, కనపడకుండానే అది బూజునూ చెదలనూ పెంచుతుంది. మరమ్మతు పూర్తయ్యాక, తొలకరి నుంచి, దసరా తరువాత విజయనగరంలో జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దాటి తుపానుల కాలం ముగిసే దాకా ఒక్క వానాకాలం గోడను ఉత్తినే వదిలి చూడటం, ఎంత తొందరగా ఉన్నా, మానకూడదు.

సినిమా సగానికి వచ్చేసరికి తల బరువెక్కడం

సౌండు ఎక్కువై అలా ఉన్నదని అనుకుంటారు. కారణం సాధారణంగా గాలి. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి చల్లబరుస్తుంది తప్ప బయటి నుంచి కొత్త గాలిని తేదు. ఎనిమిది మంది రెండున్నర గంటలు మూసిన గదిలో కూర్చుంటే మత్తు రాక మానదు. గాలి తెచ్చే ఫ్యాను ఒకటి, తీసుకుపోయే దారి ఒకటి ఉండాలి. ఫ్యాన్ రొద వినిపించకుండా గొట్టానికి లోపల మెత్తటి పొర వేయించి, ఒకటి రెండు వంపులు తిప్పించాలి. ఈ గాలి కూడా తేమ తెస్తుంది కనుక మనుషులు ఉన్నంతసేపే నడపాలి.

స్పీకర్లలో ఆగని గుయ్ మన్న మోత

పాట ఆపినా మోత ఆగకపోతే అది మన కరెంటు 50 హెర్ట్జుల (సెకనుకు 50 సార్ల) కంపనం. ఆంప్లిఫయర్ ఒక గోడ ప్లగ్గులో, సబ్‌వూఫర్ (లోతైన ధ్వనుల కోసం ఉండే స్పీకరు) మరో గోడ ప్లగ్గులో, కేబుల్ టీవీ తీగ డాబా మీద వేరే చోట ఎర్తయి ఉన్నప్పుడు వాటి మధ్య స్వల్పమైన కరెంటు సిగ్నల్ తీగల గుండా పారుతుంది. మొదట కేబుల్ తీగను ఊడదీసి చూడాలి. మోత ఆగితే దొంగ దొరికినట్టే, ఆ తీగకు ఐసొలేటర్ (సిగ్నల్‌ను పోనిచ్చి ఎర్త్ కలయికను తెంచే చిన్న పరికరం) అమర్చితే సరిపోతుంది. ఆగకపోతే అన్ని పరికరాలనూ ఒకే బోర్డు నుంచి నడపాలి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టి మోత పోగొట్టే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది, చెమ్మ ఉన్న నేల మీద అది ప్రాణాల మీదికి తెస్తుంది, ఎవరు చెప్పినా వినవద్దు. దానికి బదులు ఎర్త్ గొయ్యి ఎండిపోయిందేమో ఎలక్ట్రీషియన్‌తో చూపించి, గదికి విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చి) పెట్టించి, ప్లగ్గులన్నిటినీ నేలకు కనీసం మూడడుగుల ఎత్తున ఉంచాలి. కరెంటు పోయినప్పుడు మాత్రమే మోత వస్తుంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ పని, సైన్ వేవ్ ఇన్వర్టరు తప్ప దానికి మరో మందు లేదు.

ఒక స్వరం గుమ్మనటం, మరొకటి మాయం కావటం

అన్నిటికంటే ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే, ఎందుకంటే ఈ లోపాన్ని స్పీకర్లు మార్చి పోగొట్టాలని చూస్తారు. ఎదురెదురు గోడల మధ్య మంద్ర ధ్వని (బేస్) అటూ ఇటూ కొట్టుకొని, కొన్ని చోట్ల రెట్టింపయ్యి, కొన్ని చోట్ల తనను తానే రద్దు చేసుకుంటుంది. ఏ ధ్వనులు అలా చిక్కుకుంటాయో గది కొలతలే చెబుతాయి. ధ్వని వేగమైన సెకనుకు సుమారు 1,130 అడుగులను గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించాలి. 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఉన్న గదిలో పొడవుకు 28, వెడల్పుకు 47, ఎత్తుకు 70 హెర్ట్జుల దగ్గర చిక్కు వస్తుంది.

దీన్ని చెవితో పట్టుకోవడానికి వీణ రికార్డింగు మంచి సాధనం. అన్నిటికంటే లోతుగా మోగే అనుమంద్ర తంత్రి ధ్వని శ్రుతిని బట్టి 60, 70 హెర్ట్జుల ప్రాంతంలో ఉంటుంది, సరిగ్గా ఎనిమిదడుగుల కప్పు ఇబ్బంది పెట్టే చోటు అదే. ఆ తంత్రి మోగినప్పుడు సోఫాలో కూర్చుంటే పలచగా వినిపించి, లేచి నిలబడగానే నిండుగా వినిపిస్తే, కూర్చున్న మనిషి చెవి నేలకూ కప్పుకూ నడిమధ్య, ధ్వని రద్దయ్యే ఎత్తున ఉన్నదని అర్థం. వీణలో లోపం లేదు, స్పీకరులోనూ లేదు.

పరిష్కారంలో మొదటి మెట్టుకు ఖర్చు లేదు. కుర్చీని గది పొడవుకు సరిగ్గా సగంలోనూ, వెనుక గోడకు ఆనించీ వేయకూడదు, ముందు గోడ నుంచి పొడవులో సుమారు 38 శాతం దూరాన వేసి అక్కడి నుంచి కాస్త అటూ ఇటూ జరిపి వినాలి. సబ్‌వూఫర్‌కు చోటు వెతకడానికి తలకిందులు పద్ధతి ఉంది. దాన్ని మనం కూర్చునే చోట పెట్టి, మంద్ర ధ్వని ఉన్న పాట నడిపి, గోడల వెంబడి వంగి నడుస్తూ ఏ చోట స్వరాలన్నీ సమంగా వినిపిస్తే అక్కడికి సబ్‌వూఫర్‌ను మార్చాలి. ఆ తరువాత గది మూలల్లో నేల నుంచి కప్పు దాకా అడుగు మందం తగ్గకుండా రాక్‌వూల్ (రాతి పోగులతో చేసిన) దిమ్మెలను గుడ్డ చుట్టి నిలపాలి. పనిలో ముక్కుకు మాస్కు, చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. అంగుళం మందం ఫోము, గుడ్ల అట్టలు ఇక్కడ పనికిరావు. 70 హెర్ట్జుల తరంగం పొడవు 16 అడుగులు, అంగుళం ఫోము దానికి అడ్డే కాదు, పైగా నిప్పంటుకుంటే ప్రమాదం. రిసీవర్‌లోని (స్పీకర్లను నడిపే పెట్టెలోని) ఈక్వలైజరు చివరి మెట్టు మాత్రమే. అది గుమ్మనే స్వరాన్ని తగ్గించగలదు, రద్దయిన స్వరాన్ని మాత్రం ఎంత పెంచినా తిరిగి తేలేదు.

మాటలు అర్థం కాకపోవటం

ఫైటింగులు అదిరిపోతాయి, సంభాషణ మాత్రం వినపడదు. గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు కొడితే టకటకమని గోడల మధ్య మోత పరుగెత్తితే కారణం తేలినట్టే. వినే చోట ఒకరు కూర్చుని, మరొకరు పక్క గోడ వెంట అద్దాన్ని జరుపుతుంటే అద్దంలో స్పీకరు కనిపించిన చోట రెండంగుళాలకు తగ్గని రాక్‌వూల్ ప్యానెల్ తగిలించాలి. నేల మీద అంటించే కార్పెట్ చెమ్మ గదికి పనికిరాదు, ఎత్తి ఎండలో వేసుకోగల జంపఖానాయే మేలు. ఫలితాన్ని ఒంటరి వయొలిన్‌తో పరీక్షించవచ్చు. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠం చెప్పిన ఊరు విజయనగరం, కమాను తీగను తాకే క్షణం స్పష్టంగా వినపడాలని ఇక్కడి శ్రోతలకు వేరే చెప్పనక్కరలేదు. గోడలన్నీ కప్పేస్తే అదే వయొలిన్ జీవం లేకుండా పోతుంది కాబట్టి ప్యానెళ్లను అవసరమైన చోటనే ఆపాలి. మాటలు వినిపించే మధ్య స్పీకరును అలమార లోపలికి తోయకుండా అంచుకు జరిపి, చెవి వైపు వంచాలి. రెండే స్పీకర్లు ఉన్నప్పుడు సెట్టింగుల్లో స్టీరియో ఎంచుకోకపోతే మాటల ఛానెల్ పోయే అవకాశం ఉంది.

పై గదిలో పెద్దవారికి నిద్ర పట్టకపోవటం

గాలి దూరే సందు ఉంటే శబ్దమూ దూరుతుంది. డొల్ల తలుపు తీసి బరువైన తలుపు వేసి, చుట్టూ రబ్బరు పట్టీ, కింద గడప దగ్గర సీలు పెడితే సగం ఫిర్యాదు తగ్గుతుంది. మిగిలినది స్లాబు గుండా వెళ్లే కంపనం. సబ్‌వూఫర్ కింద మందపాటి రబ్బరు వేయాలి. అప్పటికీ చాలకపోతే స్లాబుకు నేరుగా బిగించకుండా, రబ్బరు ఉన్న హ్యాంగర్లకు వేలాడే చట్రం కట్టి, మధ్యలో రాక్‌వూల్ పరిచి, రెండు పొరల జిప్సం బోర్డు వేయించాలి. దీనివల్ల ఎత్తు అరడుగు దాకా తగ్గుతుంది, ఏడున్నర అడుగుల కంటే తక్కువ మిగిలేటట్టయితే నేనైతే ఆ పని చేయించను. థర్మోకోల్ శబ్దాన్ని ఆపదు.

మరికొన్ని

పెదవుల కదలిక కంటే మాట వెనుకబడితే బ్లూటూత్ మాని తీగతో కలపాలి. మాటే ముందు వస్తుంటే టీవీ బొమ్మను ఆలస్యం చేస్తున్నట్టు, రిసీవర్‌లో ఆడియో డిలే పెంచాలి. ఆంప్లిఫయర్ గంటకొకసారి ఆగిపోతుంటే మూసిన అలమార వేడిని గాని, స్పీకరు తీగ పోగు పక్క టెర్మినల్‌ను తాకటాన్ని గాని అనుమానించాలి. ప్రొజెక్టరు బొమ్మ పాలిపోతే దీపం అరిగిందనుకునే ముందు తెర చుట్టూ ఉన్న తెల్ల గోడకూ కప్పుకూ మెరుపు లేని ముదురు రంగు వేయించి చూడాలి.

పాత ఎల్‌పీ రికార్డులు, క్యాసెట్లు ఎంత బాగు చేసిన సెల్లార్‌లోనైనా బూజు పడతాయి, వాటిని పై అంతస్తులో నిలబెట్టి దాచి వినే రోజున కిందికి తెచ్చుకోవాలి. ఇంట్లో బొబ్బిలి వీణ ఉంటే దానికీ అదే నియమం. పనస కర్ర తేమకు ఉబ్బుతుంది, మెట్లను పట్టి ఉంచే మైనం ఆంప్లిఫయర్ వేడికి మెత్తబడుతుంది.