ఆవు పిండానికి గ్రేడ్ వెయ్యడం, 4వ పాఠం: తిప్పి చూడండి బాబూ

ఇవాళ ఫ్రీజింగ్ చెబుదామనుకున్నానండి, కానీ పోయిన పాఠానికి మీరు పంపిన జవాబులు చూశాక ఆగిపోయా. పిండం కోడ్ 7-1 అని ఉంటే ఏడో గ్రేడు, పనికిరాదని కొట్టేశారు సగంమంది! మొదటి అంకె దశ. 4 కాంపాక్ట్ మోరులా (కణాలు గట్టిగా అతుక్కున్న ముద్ద), 5 ఎర్లీ బ్లాస్టోసిస్ట్ (లోపల నీటి ఖాళీ అప్పుడే మొదలైన పిండం), 6 బ్లాస్టోసిస్ట్, 7 ఎక్స్‌పాండెడ్ (బాగా ఉబ్బినది), 8 అంటే జోనా (పిండం చుట్టూ ఉండే పెంకులాంటి పొర) చీల్చుకుని బయటికొచ్చేసింది. రెండో అంకె క్వాలిటీ, అది 4 దాటదు. కణాల ముద్దలో కనీసం 85 శాతం బాగుంటే 1, 50 అయినా ఉంటే 2, 25 అయితే 3, 4 అంటే పోయినట్టే. ఇది ఐఈటీఎస్ (పిండాల పని చేసేవాళ్ల అంతర్జాతీయ సంఘం) కోడ్.

నల్లగా ఉందని క్వాలిటీ 4 వేసినోళ్లూ ఉన్నారు. ల్యాబ్‌లో పెరిగిన పిండంలో కొవ్వు ఎక్కువ చేరుద్ది, ఆవు గర్భంలోంచి ఫ్లష్ చేసి (ద్రవంతో కడిగి) తీసినదానికన్నా ముదురుగానే కనపడుద్ది, ఒక్క రంగు చూసి తీసెయ్యకండి.

వార్మ్ స్టేజ్ (డిష్‌ని వెచ్చగా ఉంచే మైక్రోస్కోప్ పలక), గ్లోవ్స్ అవన్నీ మీకు తెలిసినవే.

నాకు ఒళ్లు మండేది ఫోటోల దగ్గర. ఒక్క ఫోటో పెట్టి "గ్రేడ్ చెప్పండి సార్" అంటారు. అంబాజీపేటలో కొబ్బరికాయ కూడా చేతిలో తిప్పి, ఊపి చూడకుండా కొనరు కదండీ! పిండం గుండ్రంగా ఉంటుంది, అడుగున ఎటు తిరిగి కూర్చుంటే ఆ వైపే కనపడుద్ది. 50 నుంచి 100 రెట్ల మాగ్నిఫికేషన్‌లో పెట్టి, పైపెట్‌తో మెల్లగా మీడియం ఊది దొర్లించండి. అవతలివైపు జోనాకి పగులుండొచ్చు. ఇన్నర్ సెల్ మాస్ (దూడగా ఎదిగే కణాల ముద్ద) అనుకున్నది ఊరికే చెత్త కణాల కుప్ప అయ్యుండొచ్చు. మోరులా అని మురిసిపోయింది ఫలదీకరణే జరగని అండం కావొచ్చు, దొర్లిస్తే కణాల మధ్య గీతలేవీ కనపడవు. ఇంకోటి, పైపెట్‌లో లాగేటప్పుడు బ్లాస్టోసిస్ట్ ఒక్కోసారి ముడుచుకుపోద్ది, చచ్చిందనుకుని పారేస్తారు, ఆయ్, కొన్ని గంటలు ఇంక్యుబేటర్‌లో ఉంచి చూడండి, మళ్లీ ఉబ్బుద్ది.

నేనైతే ముందు జోనా చూస్తా, తర్వాతే లోపల. క్వాలిటీ 2 వచ్చినవి ఫ్రెష్‌గానే ఆవుకి పెట్టేస్తా, ఫ్రీజ్ చెయ్యను. ఇంక్యుబేటర్ బయట ఎక్కువసేపు చూడాలంటే హెపీస్ (పీహెచ్‌ని నిలకడగా ఉంచేది) ఉన్న మీడియంలోకి మార్చుకోండి, మామూలు కల్చర్ మీడియం బయటి గాలికి పీహెచ్ పెరిగిపోద్ది. మే నెల కోనసీమ ఉక్కలో కరెంటు పోయిందంటే గ్రేడింగ్ ఆపేసి డిష్‌ని ఇంక్యుబేటర్ లోపల పెట్టేయండి, దాని తలుపు మాత్రం పదేపదే తియ్యకండి.

పని: ఆవులో పెట్టేవి పోగా మిగిలిన, ఫలదీకరణ నుంచి 7వ రోజుకొచ్చిన పిండాలన్నిటికీ దశ, క్వాలిటీ రాయండి. మీ కాగితం చూపించకుండా ఇంకొకళ్లచేత రాయించండి. క్వాలిటీ 3, 4 వేసినవి పారెయ్యకుండా 9వ రోజు దాకా ఉంచి ఏవి హ్యాచ్ అయ్యాయో (జోనా చీల్చుకుని బయటికొచ్చాయో) చూడండి, రెండు కాగితాలూ నాకు పంపండి. ఫోటోలొద్దు, దొర్లిస్తూ తీసిన వీడియో పంపండి.